మొదటి ఇంటి అంగీ

డిసెంబర్ 15

ఆసుపత్రిలో స్నేహలత సిస్టర్ ఈ నోట్‌బుక్ ఇచ్చింది. బాబు ఎన్నిసార్లు పాలు తాగాడు, ఎన్నిసార్లు లంగోటీ తడిపాడు, కాళ్లు వెచ్చగా ఉన్నాయా లేదా, అన్నీ టైముతో సహా రాయాలట. ఇంటర్ చదివినవు గద తిరుమలా, రాయనీకి ఏమైతది అంది. అవి ముందు పేజీల్లో రాస్తున్నాను. ఇది వెనక నుంచి.

ఇవాళ్టికి ఏడో రోజు. పుట్టినప్పుడు కిలో ఎనిమిది వందల పది. ఇవాళ కిలో ఏడు వందల అరవై. మొదటి వారం తగ్గడం మామూలే అంటున్నారు.

డిసెంబర్ 16

టోపీ, సాక్సులు, ముందువైపు తెరుచుకునే అంగీలు తెమ్మని సిస్టర్ చెప్పింది. మా దగ్గర ఒక్కటి కూడా లేదు. ఇన్ని నెలలు మోసి ఒక్క గుడ్డ కొనలేదా అన్నట్టు చూసింది. మా అత్తమ్మ కట్టమ్మ జవాబు చెప్పింది. పోయినసారి అన్ని కొనుక్కొని కూసున్నం సిస్టరమ్మా, పిల్ల దక్కలే అంది. సిస్టర్ స్టోర్ నుంచి ఒక టోపీ తెచ్చి తనే పెట్టింది. అది వాడి కళ్ల మీదికి జారుతోంది.

పోయినసారి అంటే మూడేళ్ల కింద. ఆడపిల్ల. పదకొండు రోజులు ఉంది, అన్నీ అద్దాల పెట్టెలోనే. మట్టెవాడ బజారులో మూడు అంగీలు కొని పెట్టుకున్నాను, మూడూ నిమ్మపండు రంగు. టిచ్ బటన్లు ఒళ్లు గీరుతాయని ఒకదానికి తీసేసి, నా నీలం చుక్కల జాకెట్టు ముక్కతో నాడాలు కుట్టాను. రెండోది మొదలుపెట్టేలోపే నొప్పులు వచ్చాయి. పిల్ల ఒక్కటీ తొడుక్కోలేదు. అంగీలు దానితోనే మట్టిలో పెట్టినం అని తర్వాత అత్తమ్మ చెప్పింది. నేను మంచం మీది నుంచి లేవలేదు, చూడలేదు.

డిసెంబర్ 18

డిశ్చార్జ్. కిలో ఏడు వందల తొంభై. ఛాతీకి ఆనించుకోవాలి, తల కప్పాలి, తడి గుడ్డ నిమిషం కూడా ఉంచొద్దు. ఆటోలో ఊరికి వచ్చేసరికి నా నడుము నాది కాదు.

చనిపోయిన మామయ్య ధోవతిని అత్తమ్మ చించి ముక్కలు చేసి పెట్టింది. మెత్తగానే ఉన్నాయి. చుట్టిన ఐదు నిమిషాలకు వాడు తన్నేస్తున్నాడు.

మా ఆయన మహిపాల్ హనుమకొండలో ఒక నైట్ సూట్ కొనుక్కొచ్చాడు. నీలం రంగు, కాళ్లు మూసి ఉన్నాయి, మెడ దాకా జిప్పు, టోపీకి ఎలుగుబంటి చెవులు. అమ్మమ్మలంతా ఇదే కొంటున్నారని షాపులో పిల్ల చెప్పిందట. అత్తమ్మ ముట్టుకోను కూడా ముట్టుకోలేదు. ఇరవై ఒకటో దినం దాక కొత్త బట్ట పిలగాని పెయ్యికి తాకొద్దు, తెలుసు గద మీకు అంది. కవర్‌తో సహా తీసి అటక మీద పెట్టింది. ఆయన నా వంక చూశాడు. నేను బాబు వంక చూశాను.

డిసెంబర్ 20, తెల్లవారుజాము 5

కాళ్లు చల్లగా ఉన్నాయి. మళ్లీ చుట్టాను. మళ్లీ చల్లగా.

డిసెంబర్ 21

అత్తమ్మ పత్తి ఏరడానికి పోయింది. స్టూలు వేసుకుని అటక మీది కవర్ దించాను. కుట్లు ఇంకా లాగుతున్నాయి, స్టూలు ఎక్కొద్దని సిస్టర్ చెప్పింది. ఎక్కాను.

సూట్ వాడికి రెండింతలుంది. కాళ్లు దాని కాళ్ల దాకా పోలేదు. జిప్పు లాగాను. పది నిమిషాల్లో ఒళ్లు వెచ్చబడింది. మూడు గంటలు పడుకున్నాడు. నేనూ పడుకున్నాను. పుట్టినప్పటి నుంచి ఇదే మొదటిసారి. అత్తమ్మ వచ్చేసరికి మళ్లీ ధోవతి ముక్కలోనే ఉన్నాడు.

డిసెంబర్ 22

పొద్దున కూడా తొడిగాను. ఏడుపు ఆగలేదు. పాలు పట్టినా ఆగలేదు. భుజాన వేసుకున్నా ఆగలేదు. అత్తమ్మ చేనుకు పోతూ దారిలోంచి ఏడుపు విని వెనక్కి వచ్చింది. సూట్ చూసింది. జిప్పు లాగి కాళ్లు బయటికి తీసింది. ఎడమ కాలి రెండో వేలు నీలం తిరిగి ఉబ్బి ఉంది. సూట్ లోపలి దారం ఒకటి ఊడి వేలికి చుట్టుకుంది. చర్మంలోకి దిగింది, కంటికి ఆనడం లేదు.

ఆటోలో హనుమకొండ ఆసుపత్రికి పోయాం. సిస్టర్ లైటు పట్టుకుంటే డాక్టరమ్మ సన్న కత్తెరతో కోసింది. ఇంకో పూట ఆగితే వేలు పోయేదట. కొత్తదైనా పాతదైనా తిప్పి చూసి దారాలు కత్తిరించి తొడగాలి అని చెప్పారు. తిరిగి వచ్చేటప్పుడు అత్తమ్మతో అన్నాను, కొత్త బట్ట చేసింది కాదు, దారం చేసింది అని. ఎవలు జేస్తె ఏంది బిడ్డా, వానికి నొచ్చింది అంది.

నేను చూడలేదు. వాడు నాకు చెప్పడానికే ఏడ్చాడు.

డిసెంబర్ 23

అత్తమ్మ తెల్లవారగానే తలకు పోసుకుని కొంగు పట్టుకుని బయలుదేరింది. పిల్లలు దక్కని ఇంట్లో పుట్టినోడికి బిచ్చమెత్తిన బట్ట తొడగాలి. ఐదు ఇళ్లు. పిల్లలు గట్టిగా పెరిగిన ఇళ్లు. ఫలానాది ఇయ్యి అని అడగొద్దు, ఇచ్చినదాన్ని ఏరొద్దు. మొదటి ఇంటి బట్టే మొదట తొడగాలి.

మహిపాల్‌కు తలకొట్టేసినట్టయింది. నేను జీతం తెస్తలేనా, ఊర్లె అడుక్కునుడు ఏందే అమ్మా అన్నాడు. నీ జీతం ఫికర్ నాకెందుకురా, నాకు పిలగాడు గావాలె అంది. పోతూ పోతూ, నువ్వు సుత బతికింది బిచ్చపు లాగుల్లనే, మరిచినవా అని కూడా అంది. ఆయన బండి స్టార్ట్ చేసుకుని డ్యూటీకి పోయాడు.

పదిన్నరకు మూట తెచ్చి మంచం మీద విప్పింది. మోచేయి దగ్గర చిరిగిన స్వెటర్. ఒక గౌను. రెండు బనీన్లు. అన్నిటికంటే పైన, మొదటి ఇంటిది, సమ్మమ్మ వాళ్లది. నిమ్మపండు రంగు అంగీ. ఉతికి ఉతికి రంగు పోయింది. నీలం చుక్కల నాడాలు.

అత్తమ్మ నీళ్లు తాగాలని లోపలికి పోయింది. చాలాసేపు రాలేదు.

డిసెంబర్ 24

పాలు ఎనిమిది సార్లు. అంగీ తొడగలేదు.

డిసెంబర్ 25

అవతలి వాడలో చర్చి మైకు పొద్దటి నుంచి మోగుతోంది. బాబు దానికి అలవాటుపడ్డాడు.

అడిగాను. మట్టిలో పెట్టినం అన్నారు కదా అత్తమ్మా అని. ఆమె వేడినీళ్లలో లంగోటీలు ముంచుతోంది. తల ఎత్తలేదు. రెండు పెట్టిన, ఇది పెట్టబోతె చెయ్యి రాలే, నాడాలు కుట్టినవు గద అంది. సమ్మమ్మ కోడలు ఆ వారమే కన్నదట. పిలగాని మీద యూరియా బస్తా కత్తిరించి కప్పిన్రు, నేనే చూసిన, కొత్తదే, ఎవలు తొడగలే అని చెప్పి ఇచ్చిన, అబద్ధమైతె చెప్పలే అంది. ఎవరి కోసం కొన్నదో మాత్రం చెప్పలేదు. చెబితే వాళ్లు తీసుకునేవాళ్లు కాదు.

మరి ఇప్పుడు ఎందుకు తెచ్చారు అన్నాను. ఏరుకోవద్దు గద, ఆమె చేతులకెల్లి అదే ముందుగాల వచ్చింది, నేనేం జేతు అంది. ఒక లంగోటీ పిండి, నీకు గుబులైతె వేరేది తొడుగు, నేనేమనను అంది. ఈ ఇంట్లో ఆమె నోట ఆ మాట రావడం మొదటిసారి.

మొదటి ఇంటిది తొడగకుండా మిగతావి తొడగడం కుదరదని ఆమె నమ్మకం. నాకు అలాంటి నమ్మకాలు లేవు. అయినా చెయ్యి కదలడం లేదు. వాడికి అది తొడిగితే ఆ పిల్లను కూడా చూడాల్సి వస్తుంది. అదే కష్టం.

డిసెంబర్ 26, పొద్దున 6

మంచు. ఎదురిల్లు కనిపించడం లేదు. కాళ్లు చల్లగా ఉన్నాయి. పాలు సరిగా పీల్చడం లేదు.

అంగీ తిప్పి చూశాను. ఒక్కొక్క కుట్టూ గోరుతో తడిమాను. వదులు దారం ఒక్కటీ లేదు. చంక దగ్గర ఎవరో నల్ల దారంతో మళ్లీ కుట్టారు, గట్టిగానే ఉంది. తొడిగాను. చేతులు రెండు మడతలు పెట్టాల్సి వచ్చింది. నాడాలు చుట్టూ తిప్పి కట్టాను. నా ఛాతీకి ఆనించుకుని పైన చీర కప్పుకున్నాను.

ఏడున్నరకు కాళ్లు వెచ్చబడ్డాయి. ముందు పేజీలో రాశాను.

డిసెంబర్ 27

ఆశా కార్యకర్త వచ్చి తూచింది. కిలో తొమ్మిది వందలు. ముల్లు ఆగిందాకా అత్తమ్మ నన్ను ఊపిరి పీల్చనివ్వలేదు. వేలు ఎర్రగా ఉంది, నీలం పోయింది.

డిసెంబర్ 28

సమ్మమ్మ బాలింతకని ఎల్లిపాయ కారం దంచి తెచ్చింది. బాబు ఒంటి మీది అంగీ చూసి మురిసిపోయింది. మా మనుమడు దీన్ని ఇడిసేటోడు కాదు, నాడాలు నోట్లె వెట్టుకొని గుంజేటోడు, ఒక్కటి సుత ఊడలే, ఏ దర్జీ కుట్టిండో గని వాని చేతికి మొక్కాలె అంది. అత్తమ్మ కారం గిన్నె ఖాళీ చేయడానికి లేచింది. నేను బాబును భుజం మార్చుకున్నాను.

ఆ మనవడికి ఇప్పుడు మూడేళ్లట. సమ్మమ్మ వెనకే వచ్చాడు. గడప దగ్గర నిలబడి, అది నాది అన్నాడు. ఔను నీదే అన్నాను.

డిసెంబర్ 29

ఇరవై ఒకటో రోజు. ఇవాళ్టి నుంచి కొత్తవి తొడగొచ్చు. అత్తమ్మే నీలం సూట్ దించింది, తిప్పి, దారాలన్నీ కత్తిరించి మంచం మీద పెట్టింది. నిమ్మపండు అంగీ ఉతికింది, ఇంకా తడిగా ఉంది. పొయ్యి సెగకు పట్టుకుని కూర్చుంది.

ఆరిందాకా ఆగాం.