రాజుగాడి బెజవాడ ప్రయాణం

జగ్గయ్యపేట,
9-8-79.

అమ్మకు, వరప్రసాదరావు వందనాలు. నీ కుక్క రాజుగాడు క్షేమం. నేనూ ఫర్వాలేదు.

వాడి చెవిలో పుండు మానలేదు. ఇక్కడి పశువుల డాక్టరు సెలవు పెట్టాడు. బస్సులో కుక్కను ఎక్కనివ్వరు కదా, అందుకని బెజవాడలో చూపిద్దామని రాత్రి మన వీధి తిరుపతిరావు లారీలో బయల్దేరాం. నందిగామలో నేను టీకి దిగితే రాజుగాడు నా సీట్లోకెక్కి నా దుప్పట్లో దూరాడు. అది నేనేననుకుని తిరుపతిరావు బండి పోనిచ్చాడు. ఇబ్రహీంపట్నంలో తోక బయటపడేదాకా తన బామ్మర్దితో వచ్చిన తగాదా అంతా వాడికే చెప్పుకున్నాడట.

"ఒక్కసారి కూడా అడ్డు రాకపోతే, మీకు బుద్ధొచ్చిందనుకున్నానండి మాష్టారూ" అన్నాడు.

పొద్దున నేను బస్సు పట్టుకుని ఆసుపత్రికి చేరేసరికి తిరుపతిరావే ఇంజక్షను చేయించి, ఇడ్లీ తినిపిస్తున్నాడు. నన్ను చూసి రాజుగాడు మొరిగాడు.

చింతపండు ఏ జాడీలో పెట్టావు? నువ్వు మైలవరం వెళ్లినప్పటినుంచీ చారు లేదు. బాలింత కదా, అక్కను చన్నీళ్లలో చెయ్యి పెట్టనివ్వకు. నేనొచ్చేదాకా పాపకు పేరు పెట్టకండి. బావగారికి వందనాలు.

రెండో ఇంజక్షను సోమవారం. కుక్కనొక్కదాన్నే పంపమన్నాడు తిరుపతిరావు. నేను రానక్కర్లేదట.

నీ కొడుకు,
వరప్రసాదరావు