పక్కన నా ట్యూబు

జూన్ 9
సబ్బు తగిలిన గాజులో రక్తం గడ్డకట్టదు. ఆ సంగతి మరిచి నెల కిందట ట్యూబులను సబ్బుతో కడిగాను. పాముకాటు టెస్టులో రక్తం గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే లెక్క. దాంతో విషం ఎక్కని పాముకాటు మనిషికి విరుగుడు మందు, యాంటీవీనమ్, ఎక్కించారు. పాపం, ఒళ్లంతా దద్దుర్లు. అప్పటినుంచి ఈ ఆసుపత్రి ల్యాబులో నేను సబ్బమ్మని. తప్పు నాదే. పేరు మాత్రం ఒప్పుకోను.

జూన్ 14, ఉదయం 11
బాబాయిని తీసుకొచ్చారు. నర్సరీలో కుండీలు జరుపుతుంటే రక్తపింజరి మడమ మీద కాటేసింది. నీ డ్యూటీ టైము చూసుకునే కరిపించుకున్నానే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. నాన్న పోయాక నాకు జడ వేసింది కూడా ఈయనే.
ఆయన రక్తం ఇరవై నిమిషాలు ట్యూబులో కదపకుండా ఉంచాను. వంచితే నీళ్లలా జారింది.

సాయంత్రం 6
మందు పడ్డాక గడ్డకట్టింది. ట్యూబు తలకిందులు చేసినా కదల్లేదు.

జూన్ 16, ఉదయం 9
ఇవాళ డిశ్చార్జి అన్నారు. పిన్ని సంచి సర్దేసింది. కానీ వాపు మోకాలు దాటింది. విషమంతా ఒకేసారి రక్తంలో కలవదు. కొంత కాటు దగ్గరే తిష్ట వేసి, రోజుల తరబడి కొద్దికొద్దిగా ఊరుతుంది. ఈలోపు రక్తంలో మందు తగ్గిపోతుంది. మనసొప్పక, ఎవరూ అడక్కుండానే ఇంకో టెస్టు చేశాను.
గడ్డకట్టలేదు.
మళ్లీ సబ్బేనా అన్నాడు సీనియర్. డాక్టరుగారూ అదోలా చూశారు. ఒకసారి పేరు పడితే ఇంతే. నిజం చెప్పాలంటే నాకూ అనుమానమే.

ఉదయం 10
అదే డబ్బాలోంచి రెండు ట్యూబులు తీశాను. ఒకదాంట్లో బాబాయి రక్తం. రెండోదానికి నర్సక్క ముందు నా చెయ్యి చాపాను. రెండూ పక్కపక్కన పెట్టి, సీనియర్‌నీ డాక్టరుగారినీ అక్కడే నిలబెట్టాను. గడియారం చూస్తూ ఇరవై నిమిషాలు ఆగాం.
నాది గడ్డకట్టింది. ఆయనది జారింది.
ఒక్క క్షణం సంతోషించాను. బాబాయి ఒంట్లో విషం ఉందని తేలితే సంతోషించాను. రాయడానికే సిగ్గుగా ఉంది.
మళ్లీ మందు ఎక్కిస్తున్నారు. పిన్ని సంచి విప్పింది.

జూన్ 18
వాపు దిగుతోంది. బాబాయి ఆకలంటున్నాడు.

జూన్ 19, సాయంత్రం 4
మళ్లీ రెండు ట్యూబులు పెట్టాను. రెండూ తలకిందులు చేశాను. ఏదీ కదల్లేదు.
చీటీలు అంటించడం మరిచాను. ఏది ఎవరిదో తెలియడం లేదు.