అరిగిపోని దవడ

అత్తయ్యా, పదకొండింటికి మీకు ఎముకల స్కానింగ్ ఉంది. టిఫిన్ తినే వెళ్లండి, కాల్షియం మాత్ర మాత్రం ఈ పూట వేసుకోకండి. మామయ్యగారు తీసుకెళ్తారు.

పన్ను కోసం తీసిన ఎక్స్‌రేలో మీ దవడ ఎముక కింది అంచు పలచగా కనిపించిందట. మీ వయసు ఆడవాళ్లకు అలా ఉంటే మిగతా ఎముకలు కూడా గుల్లబారుతున్నాయేమో చూపించుకోవాలని పళ్ల డాక్టరమ్మ చెప్పారు. అంతేగానీ, మామయ్యగారు అన్నట్టు మాట్లాడి మాట్లాడి అరిగిపోలేదు! ఆ మాట నమ్మి మీరు నిన్నటి నుంచి నోరు మెదపకపోతే ఇల్లు బావురుమంటోంది. ఏం తేలినా మందులున్నాయి, భయపడకండి.

మీ కోడలు

తా.క. అటక మీది డబ్బాలు సాయంత్రం నేనొచ్చి దింపుతాను. స్టూలు కోసం వెతక్కండి, కారులో పెట్టుకుని ఆఫీసుకు పట్టుకెళ్తున్నాను.