నమిలేకొద్దీ తీపి

మద్రాసు, ఆగస్టు 1958

పెద్దమ్మ పాదాలకు నమస్కరించి రామకోటయ్య రాసే ఉత్తరం. ఇక్కడ నేను క్షేమం. డోన్‌లో నువ్వు, పెద్దనాయన, మన అంగడి క్షేమమని తలుస్తాను.

బెంగుళూరులో మూడేళ్లు పరిశోధన చేయమని పిలుపు వచ్చింది. దసరాకు వచ్చి అంగడిలో కూర్చుంటానని పెద్దనాయనకు ఇచ్చిన మాట మరిచిపోలేదు. అమ్మ పోయాక నన్ను పెంచినదానివి నువ్వు. నువ్వు వద్దంటే పోను. కానీ ఇక్కడ నేను చూస్తున్నదేమిటో ముందు విను.

మన ఉమ్మిలో ఎంజైము అనే పదార్థం ఉంది. కంటికి ఆనదు. దాని ఒంటిమీద చిన్న గుంత ఉంటుంది. జొన్నలోని పిండిపదార్థం పొడుగాటి దండలాగా తేలుతూ వచ్చి ఆ గుంతలో ఒదుగుతుంది. ఇంకేదీ అందులో పట్టదు. అక్కడ దండ తెగి, తీపి ముక్కలై బయటికి పోతుంది. గుంత మాత్రం చెక్కుచెదరకుండా ఇంకో దండ కోసం కాచుకుని ఉంటుంది. మధ్యాహ్నం పూట గాజు గొట్టం ముందు కూర్చుంటే ఆ దండలన్నీ నా కళ్ల ముందు తేలిపోతున్నట్టే ఉంటుంది. అన్నం సంగతి కూడా గుర్తురాదు.

నీ బిడ్డ,
రామకోటయ్య

తా.క. గొట్టంలో పట్టేది నా ఉమ్మే. ఖర్చు లేని చదువని పెద్దనాయనకు చెప్పు.


డోన్

చిరంజీవి రామకోటయ్యకు పెద్దమ్మ అలివేలమ్మ దీవించి రాయడమేమనగా, నీ ఉత్తరం అందినప్పటి నుంచి ఈ ఇంట్లో ఎవరికీ క్షేమం లేదు.

ఎంగిలితో చదువా? చెంబు పెదవులకు తగలకుండా నీళ్లు ఎత్తి పోసుకోవడం నీకు నేర్పింది నేను కాదా? ఉమ్మి అన్న మాట కనబడగానే ఉత్తరం మీద పసుపునీళ్లు చల్లి ఆపైన చదివాను. సగం అక్షరాలు కారిపోయాయి. మిగిలింది గుంత ఒకటి, తెగిన దండ ఒకటి. నువ్వు గుంతలో పడ్డావని, మెడలో దండ తెగిందని నాకు అర్థమైంది. ఎంత అపశకునం! ఆంజనేయస్వామికి ఆకుపూజ చేయించాను.

"ఎంగిలి చేతుల్తో వాడు బెల్లం ముట్టుకుంటే మన అంగడికి ఎవురొస్తారు?" అని పెద్దనాయన తల పట్టుకున్నాడు. బెంగుళూరు మాట మరిచిపో. కాలికి కట్టు కట్టించుకుని దసరాకు వచ్చేయ్.

ఆశీస్సులతో,
అలివేలమ్మ

తా.క. నీ ఉత్తరం తెచ్చిన పోస్టుమ్యాన్ పుల్లయ్యను కూడా స్నానం చేయమన్నాను. "నేను కవరే ముట్టుకుంటినమ్మా, లోపల యాముండాదో నాకేం తెలుసు" అని నవ్వుకుంటూ పోయాడు.


మద్రాసు

పెద్దమ్మకు రామకోటయ్య నమస్కారాలు. నా కాలు బాగుంది. తెగింది నా మెడలో దండ కాదు.

ఒక్క పని చేసి చూడు. జొన్నరొట్టె ముక్క నోట్లో పెట్టుకుని, మింగకుండా నములుతూ ఉండు. బెల్లం లేకుండానే తీపి పుడుతుంది. అది ఆ గుంత చేసే పనే. అసలు ఎంగిలి కాకుండా ఒక్క మెతుకైనా ఎవరి కడుపులోకి పోయింది, పెద్దమ్మా?

ఇంకో వింత విను. ఆ గుంత తాళంలా బిగుసుకుని ఉంటుందని, సరైన చెవి అయితేనే పడుతుందని ఇన్నాళ్లూ అనుకున్నారు. అలా కాదని అమెరికాలో ఒకాయన ఈ ఏడే రాశాడు. వచ్చినదాన్ని బట్టి గుంత కూడా కాస్త కదిలి, సర్దుకుని, దగ్గరికి తీసుకుంటుందట. పని అయ్యాక వదిలేసి మళ్లీ మునుపటిలా అవుతుంది. పట్టుకున్నదాన్ని వదలకపోతే ఆ గుంత ఇక దేనికీ పనికిరాదు. ఇది చదివిన రోజు నేను సముద్రం ఒడ్డున ఊరికే నడుస్తూ ఉండిపోయాను. నాకు ఈ చదువే కావాలి.

నీ మాట కోసం ఎదురుచూసే
రామకోటయ్య

తా.క. రొట్టెతో చింతకాయ తొక్కు వద్దు. పులుపు తగిలితే గుంత ఆకారం చెడిపోతుంది. తొక్కు లేనిదే పెద్దనాయనకు ముద్ద దిగదని తెలుసు, అయినా తప్పదు.


డోన్

చిరంజీవి రామకోటయ్యకు పెద్దమ్మ దీవెనలు. ఈ ఉత్తరం మీద పసుపునీళ్లు చల్లలేదు.

ముందుగా పెద్దనాయనే రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని అంగడిలో కూర్చున్నాడు. బేరానికి వచ్చినవాళ్లకు చేయి ఊపుతాడే గానీ నోరు విప్పడు. "కేశవయ్యశెట్టి మౌనం పట్టినాడంట!" అని పక్కింటి సుబ్బరత్నమ్మ వీధంతా చాటింది. జనం టెంకాయలు పట్టుకుని వచ్చారు. చివరికి ఆయన కళ్లు పెద్దవి చేసి, "తియ్యగుండాది! శానా తియ్యగుండాదప్పా!" అని అరిచాడు. ఆ మాటకు అర్థమేమిటని ఎవరూ అడగలేదు. ఆయన కొరికి పెట్టిన రొట్టెను ప్రసాదమని కళ్లకద్దుకుని తలా ఇంత తిన్నారు. "అది ఎంగిలి!" అని నేను మొత్తుకున్నా ఒక్కరూ వినలేదు.

వాళ్లంతా పోయాక నేనూ ఒక ముక్క నోట్లో వేసుకుని గడప దగ్గర కూర్చున్నాను. బయట తెల్లటి ఎండ. స్టేషను వైపు నుంచి రైలు కూత. నమిలేకొద్దీ తీపి ఊరింది, కళ్లు మూతలు పడ్డాయి. నువ్వు రాసిన గుంత నాకు కనబడింది, కోటయ్యా. అది గుంత కాదు, ఒడి. బిడ్డ వచ్చి పడుకుంటే మోకాళ్లు వాటంతటవే సర్దుకుంటాయి. లేచిపోతే మళ్లీ మామూలుగా అవుతాయి. ఆ ఒడిలో ఉన్నది నువ్వే.

ఈ తీపి నాకు కొత్త కాదు. మీ అమ్మ పోయిన ఏడు నీకు పాలు ఇమడలేదు, నోట్లో పండ్లు ఇంకా మొలవలేదు. ఆ ఏడంతా జొన్నరొట్టె నమిలి నీ నోట్లో పెట్టింది నేనే. మడి, ఎంగిలి ఒక్కనాడూ గుర్తురాలేదు. నీ చదువుకు మొదటి గాజు గొట్టం నేనే, నాయనా. అది తలుచుకుని చాలాసేపు ఏడ్చాను.

పట్టుకున్నదాన్ని వదలని గుంత పనికిరాదని నువ్వే రాశావు కదా. బెంగుళూరుకు పో. పెద్దనాయన కూడా సరేనన్నాడు.

ఎప్పటికీ నీ
పెద్దమ్మ

తా.క. సరేనని నోటితో అనలేదు, నోటినిండా రొట్టె ఉంది. తల ఊపాడు. ఆయన మింగేలోపల రైలెక్కు.