తొలి ముద్ద

నవంబర్ 4, మంగళవారం

వాన వెనకపట్టింది. పొద్దున మబ్బుగా ఉన్నా తొమ్మిదికల్లా ఎండ గట్టిగా కాసింది. ఈ సీజన్‌లో మొదటిసారి మేడ మీద చాపలన్నీ పరిచాం. కరెంటు లేదు. గ్రైండర్ తిరగలేదు. మినప్పిండి రోట్లోనే దంచారు.

మా దగ్గర అప్పడాలొత్తే చిన్నతల్లి అత్త ఎప్పటిలాగే తొలి ముద్ద తీసి, పసుపు బొట్టు పెట్టి, గోడకున్న బల్ల మీద అమ్మవారి ముందు ఉంచింది. అగరొత్తి ఆరాక ఆ ముద్దని మళ్ళీ పిండిలో కలిపింది. మా అత్తగారు ఈ అప్పడాల పని మొదలుపెట్టినప్పటి నుంచీ అంతే. ముద్ద పెట్టకుండా ఎవరూ పీట ముందు కూర్చోరు.

మధ్యాహ్నం సింగపూర్ నుంచి రఘునాథ్ గారు ఫోన్ చేశారు. ఆయన అక్కడ హోల్‌సేల్ వ్యాపారి. శాంపిల్ నచ్చిందట. ఎండలున్నన్నాళ్ళూ మేం ఎంత చేస్తే అంతా తీసుకుంటానన్నారు. ఒకటే కండిషన్, హలాల్ సర్టిఫికెట్ కావాలి. మనవాళ్ళకే అమ్మితే ఒక వీధమ్మా, అందరికీ అమ్మితే ఊరంతానూ, ఇక్కడ మలయ్ ముస్లిం హోటళ్ళవాళ్ళు కూడా అప్పడం అడుగుతారు అని నవ్వారు.

ఈ ఆర్డర్ రాకపోతే సీజన్ చివర మూసేయడమే. ఊళ్ళో సంచౌంగ్ బజారులో షాపులు మా సరుకు తీసుకోవడం మానేశాయి. నూనె ధరకి భయపడి ఎవరూ అప్పడాలు వేయించుకోవడం లేదు.

నవంబర్ 7

ఊ ఖిన్ మౌంగ్, మన లెక్కలో ఖిన్ మౌంగ్ గారు, వచ్చారు. హలాల్ కమిటీ తరఫున చూసి సంతకం పెట్టేది ఆయనే. పజుండౌంగ్‌లోనే, మా పక్క సందులో పుట్టిన బర్మీస్ ముస్లిం. వీధిలో నేర్చుకున్న తెలుగు. సిన్నప్పుడు ఇరిగినివి మాకిచ్చి మంచివి అమ్ముకునీది మీ అత్త, ఇప్పుడు నా సంతకం కావాలేటి అన్నారు. టీ ఇచ్చాను. తాగారు.

నూనె, ఉప్పు, డబ్బాలు, చాపలు అన్నీ చూశారు. చివర్న బల్ల వైపు చూశారు. ముద్ద ఇప్పటికీ ఎడతారా అని అడిగారు. ఆయనతో అబద్ధం ఆడబుద్ధి కాలేదు. పెడతామన్నాను. ఎట్టి మల్లీ కలిపెత్తారా అన్నారు. కలుపుతామన్నాను.

దేవుడికెట్టింది మేం తినకూడదమ్మా, అది మానీండి, సంతకం ఎడతాను, అమ్మోరు మీ ఇంట్లో ఉంటే నాకేటి ఇబ్బంది అన్నారు. నా మాట మీద మా ఇంట్లో పిల్లలు తింటారు, అది గుర్తెట్టుకో అన్నారు.

మానేస్తామని మాటిచ్చాను.

నవంబర్ 8

చిన్నతల్లి అత్తకి చెప్పాను. ఏటి, సింగపూరోలికి అమ్మోరు అడ్డొచ్చీసిందేటి అంది. అమ్మవారికి విడిగా కాస్త పిండి తడుపుదాం, పైన ఇంట్లో పెట్టుకుందాం అన్నాను. అమ్మోరికో పిండి, తినీవోలికో పిండీనా, అందరం తినీదాన్లోంచి తీస్తేనే గదా అది అమ్మోరిది అంది.

అప్పడాలొత్తే మిగతా ఇద్దరూ, హేమమాలినీ దుర్గా, తలెత్తలేదు. అత్త కొంగుతో చేతులు తుడుచుకుంది. పిండి నీది కోడలమ్మా, సెయ్యొకటే నాది, అలాగే కానీ అని పీట లాక్కుంది.

సాయంత్రం బల్ల విప్పించి అమ్మవారిని పైకి తీసుకెళ్ళాను.

నవంబర్ 10

ముద్ద పెట్టలేదు. అప్పడాలు మామూలుగానే వచ్చాయి.

నవంబర్ 14

రఘునాథ్ గారు లేబుల్ పంపారు. ప్యాకెట్ మీద నాలుగు భాషలున్నాయి. తెలుగు లేదా అంటే, చోటు చాలదమ్మా అన్నారు. అత్తకి చూపించాను. మనం సేసిందాని మీద మన మాటే నేదా అంది. నీకు చదువు రాదు కదా, ఉంటే మాత్రం ఏటి చేస్తావు అని దుర్గ వేళాకోళం చేసింది. సదవకపోతే నా పేరు నాది కాకండా పోద్దేటే అంది అత్త.

నవంబర్ 19

సర్టిఫికెట్ వచ్చింది. మా ఆయన ఫ్రేము కట్టించి తెచ్చారు. గోడకి గట్టి మేకులున్నది బల్ల విప్పిన చోటే. అక్కడే తగిలించారు.

నవంబర్ 23

చిన్నతల్లి అత్త కొడుకు మంగరాజు నిన్న ఇంటికి రాలేదు. సైకా, అంటే పక్క సీట్ల సైకిల్ రిక్షా, తొక్కుతాడు. సైకా బస్టాప్ దగ్గర పడి ఉంది. మనిషిని మిలిటరీ డ్యూటీకి వ్యాన్‌లో ఎక్కించుకుపోయారని టీ షాపు వాళ్ళు చెప్పారు. వాడికి ముప్ఫై మూడు. ఇంకో రెండేళ్ళు గడిస్తే బలవంతంగా సైన్యంలోకి లాక్కునే వయసు దాటిపోయేది.

ఆవిడ పనిలోకి వచ్చింది. రోజూ ఒత్తేవన్నీ ఒత్తింది.

హేమమాలిని ఉండబట్టలేక, ముద్ద మానేసిన కాణ్ణించే అని మొదలుపెట్టింది. అత్త, నోర్ముయ్యే, అమ్మోరు నీలాగ సాడీలు మోసుకు తిరగదు అంది. ఈ ఈదిలో ఎంతమందిని అట్టుకెల్లారు, ఆలందరిల్లల్లోనూ అప్పడాలే సేత్తన్నారేటి అంది. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

నవంబర్ 25

మా ఆయన చిన్నతల్లి అత్తతో వార్డు ఆఫీసుకి వెళ్ళారు. మంగరాజుని అప్పటికే ట్రైనింగ్‌కి పంపేశారట. ఎక్కడికో చెప్పలేదు.

నవంబర్ 27, ఉదయం 6

కిందికి దిగేసరికి అత్త ఒక్కతే ఉంది. సర్టిఫికెట్ కింద, నేల మీద ముద్ద, బొట్టు, అగరొత్తి. నన్ను చూసి దాచలేదు. అమ్మోరికి కోపమొచ్చిందని కాదు కోడలమ్మా, అడగడానికి నాకింకో సోటు నేదు అంది. అగరొత్తి ఆరేదాకా కూర్చుని, ముద్దని పిండిలో కలిపేసింది.

ఆ పిండితో చేసినవి విడిగా పెట్టించాను. మా ఆయనకి నచ్చలేదు. అన్నీ కలిపి పంపెయ్, సింగపూర్‌లో ఎవడు చూడొచ్చాడు అన్నారు. సింగపూర్ వాళ్ళు కాదు, రేపు ఊ ఖిన్ మౌంగ్ ఈ గుమ్మంలోకి వస్తే టీ ఏ మొహంతో ఇవ్వను అన్నాను. ఆర్డర్ పోతే టీ పొడి ఎవరు కొంటారు అన్నారు.

నవంబర్ 28

మళ్ళీ పెట్టింది.

నవంబర్ 30

నిన్న, ఇవాళ కూడా. పంపడానికి పనికొచ్చేది ఈ నాలుగు రోజుల్లో ఒక్కటీ తయారవలేదు. ముందు చేసినవి చాలవు, మొదటి లాట్ ఈ వారంలోనే లత పేటలో షిప్పింగ్ ఏజెంటుకి పూర్తిగా అందాలి. అందకపోతే ఇంకొకర్ని చూసుకుంటానని రఘునాథ్ గారు మర్యాదగానే చెప్పారు.

సాయంత్రం అందరూ వెళ్ళాక అత్తని ఆగమన్నాను. రేపు ముద్ద పెడితే ఇంక రావద్దత్తా అన్నాను. మీ అత్తయితే ఆ మాట అనీది కాదు అంటుందనుకున్నాను. అనలేదు. నువ్వయినా ఏటి సేత్తావులే అంది. చెప్పులు వేసుకుంది.

డిసెంబర్ 1

చిన్నతల్లి అత్త ఆరింటికి వచ్చింది. ముద్ద పెట్టింది, కలిపింది. ఆరున్నరకి తన అప్పడాల కర్ర తీసుకుని వెళ్ళిపోయింది.

హేమమాలిని, దుర్గ కొత్తగా తడిపిన పిండంతా ఒత్తి రాత్రి ఎనిమిదింటికి వెళ్ళారు.