మూడు నల్లులు చూసి ఇచ్చిన ధ్రువపత్రం

మాన్య అధికార వర్గానికి, అనగా ఈ కాగితం ఏ బల్ల మీద ఆగితే ఆ బల్లకు, సవినయంగా విన్నవించునది: తేనెటీగలు పెంచే మా అక్కకూ, రాణి ఈగలను పెంచి పంపే సంస్థలో, ఈగలను పీడించే నల్లుల జాతిని నిర్ధారించే పరీక్షకురాలినైన నాకూ మధ్య నడిచిన ఉత్తరాలను జతపరుస్తున్నాను. కుటుంబ విషయాలను విడదీయడానికి ప్రయత్నించాను. విడిరాలేదు.

3వ తేదీ

ప్రియమైన భూతద్దానికి,

నువ్వు ధ్రువపత్రం ఇచ్చిన నలభై రాణి ఈగలూ వచ్చి అయిదు నెలలైంది. పన్నెండు నేనుంచుకుని మిగతావి చుట్టుపక్కల పంచానని చెప్పాను కదా. "వీటితో చెడ్డ నల్లి రాదు కదమ్మా?" అని అడిగినవాళ్లందరికీ "మా చెల్లెలి సంతకం చూసుకోండి" అన్నాను. ప్రతి పెట్టె మూత లోపలా నీ కాగితం నకలు అంటించాను.

నిన్నటినుంచి మూడో పెట్టె ముందు పిల్ల ఈగలు నేలమీద పాకుతున్నాయే, రెక్కలు ముడుచుకుపోయి. వాటి ఒంటిమీది నల్లుల్ని కొన్ని స్పిరిట్‌లో వేసి, ఖాళీ మందుసీసాలో పంపుతున్నా. చూడు.

నీ అక్క

9వ తేదీ

ప్రియమైన అక్కకు,

సీసా చేరింది. భూతద్దం కింద ఇవి సాధు జాతివే. పెద్ద ఈగల మీద బతుకుతాయి, పిల్లలు పెరిగే మైనపు గదుల్లో గుడ్లు పెట్టవు. ఆందోళనకు కారణం లేదని సంస్థ పక్షాన తెలియజేస్తున్నాను. చెల్లెలి పక్షాన మాత్రం ఒకదాని కాలు తుంచి జన్యు పరీక్షకు పెట్టాను.

విధేయురాలు, చెల్లి

14వ తేదీ

ప్రియమైన సంస్థ పక్షానికి,

పాకేవి ఇప్పుడు అన్ని పెట్టెల ముందూ ఉన్నాయి. చెవి ఆనిస్తే లోపల సగం హోరే వినిపిస్తోంది. మూసిన గది ఒకటి పుల్లతో విప్పాను. పిల్ల ఒంటిమీద తల్లి నల్లి, దాని చుట్టూ పిల్ల నల్లులు నాలుగు. గుడ్లు పెట్టవన్నావే, ఇవేమన్నా చుట్టపుచూపుగా వచ్చాయా?

పక్కింటి వడ్రంగి పెట్టెలు నిన్నటితో ఖాళీ. ఆయన నన్ను పిలిచాడు. మూత ఎత్తి నీ కాగితం చూపించి, మళ్లీ మూశాడు. తిట్టినా బాగుండేది.

అక్క

20వ తేదీ

ప్రియమైన అక్కకు,

జన్యు పరీక్ష ఫలితం: రూపం ఒకటే, జాతులు రెండు. నీ సీసాలోది రెండోది, పిల్లల్ని పీల్చి చంపేది. మా రాణి ఈగల డబ్బాల్లోంచి తీసి దాచిన నల్లుల్నీ పరీక్షించాను. అవీ అవే. జబ్బును మేమే ముద్ర వేసి పంపాం. ఇరవై ఎనిమిదిన మరో రెండు వేల రాణి ఈగలు అదే ధ్రువపత్రం మీద బయలుదేరతాయి.

మా పర్యవేక్షకుడికి చెబితే "ఆ సీసా మీద మన ముద్ర లేదమ్మా. ముద్ర లేని నల్లికి జాతి ఎక్కడిది?" అన్నాడు.

"మన దగ్గరున్నవీ అవేనండీ."

"వాటికి ధ్రువపత్రం ఉందిగా. ఎవరిచ్చారో చూసుకో."

చూసుకున్నాను. నిబంధన ప్రకారం నలభై డబ్బాలకూ జన్యు పరీక్ష జరగాలి. ఆ రోజు నేను మూడు నల్లుల్ని కంటితో చూసి సంతకం పెట్టాను. ఇది బయటపడితే ఉద్యోగం ఉండదు.

చెల్లి

24వ తేదీ

చెల్లీ,

మూడే ఎందుకు చూశావో నాకు తెలుసు. ఆ రోజు నా కంటి ఆపరేషన్. "సాయంత్రంలోగా రాకపోతే నీ మొహం చూపించకు" అని ఫోన్‌లో అరిచింది నేనే. అలాగని నిన్ను వెనకేసుకురాను. పన్నెండు పెట్టెలూ తగలబెట్టాను. మంటపెట్టేముందు ఒక మూతనుంచి నీ కాగితం ఊడదీశాను. ఇందులో పెట్టాను. నీ ఇష్టం.

అక్క

26వ తేదీ

ప్రియమైన అక్కకు,

కాగితం అందింది. దాన్ని రద్దుచేయమని దరఖాస్తు ఇచ్చాను. గుమస్తా "ఎవరి మీదమ్మా ఫిర్యాదు?" అన్నాడు. "నా మీదే" అన్నాను. "అలాంటి గడి ఫారంలో లేదే!" గీసి ఇచ్చాను. ముద్ర వేస్తాడో లేదో ఇంకా తెలియదు. వెనక గదిలో డబ్బాలు వరసగా పేరుస్తున్నారు. నీ పెట్టెలు మూగబోయాక ఇంత హోరు వినడం ఇదే మొదలు.

నకలు నీ కోసం:

డిమాండు సంఖ్య 1. జతపరచిన ధ్రువపత్రాన్ని రద్దుచేసి, రెండు వేల రాణి ఈగలను గడప దాటనివ్వకూడదు. కారణం: పరీక్ష జరగలేదు. సాక్షి: పరీక్షకురాలు. ముద్దాయి: పై సాక్షి.