వెనకవీధి అవ్వ ఫోన్

సంఘపెద్దగారూ, అన్నం వండి మూత పెట్టాను, వేడి చేసుకుని తినండి. లాక్‌డౌన్‌లో చర్చి మూతపడ్డాక సంఘాన్నంతా ఫోన్లోనే కలిపి ఉంచుతున్నానని మీరు ఒకటే గొప్పలు. నిన్న ప్రార్థన మధ్యలో వెనకవీధి అవ్వ ఏదో చెప్పబోతే, "గోలగా ఉందమ్మా, ఫోన్ పెట్టేయండి" అని కసురుకున్నారు. ఇందాక వాళ్ళ కోడలు చెప్పింది, ఆ గోల అవ్వ ఏడుపేనట. అప్పుడే తాతయ్య పోయాడట. మీరేమో ప్రసంగం ఎలా ఉందంటూ రాత్రి నా ప్రాణం తీశారు. దిక్కుమాలిన ప్రసంగం. నేను అక్కడికే వెళ్తున్నాను. లోపలికి రానివ్వకపోతే కిటికీ బయట కూర్చుంటాను. సాయంత్రం ప్రార్థనలో నేనేదని ఎవరైనా అడిగితే ఒంట్లో బాలేదని బొంకకండి.

మరిచాను, తెల్లచొక్కా ఇస్త్రీ చేసి తలుపు వెనక తగిలించాను. అది కుట్టింది అవ్వే. తొడుక్కునే ముందు ఆవిడకి ఫోన్ చేసి, ఈసారి చెప్పేది వినండి.